అమ్మమ్మ లాలి పాటలు, డాలర్లలో పైసలు: మూడేళ్ళు వాడిన మ్యూజిక్ డిస్ట్రిబ్యూషన్ సర్వీసు గురించి

మూడేళ్ళుగా నేను చందా కడుతున్న మ్యూజిక్ డిస్ట్రిబ్యూషన్ సర్వీసుకి (మన పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చేది) ఐదు స్టార్లలో రెండున్నర ఇస్తున్నాను. పాటని యాప్‌లలోకి ఎక్కించడంలో నాలుగు, ఏదైనా తేడా వచ్చినప్పుడు మాట్లాడ్డానికి మనిషి దొరకడంలో ఒకటి. సగటు రెండున్నర. లెక్కల టీచర్ని, రౌండాఫ్ చేయబుద్ధి కాలేదు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇంకో పది ఉన్నాయి, పద్ధతులు అన్నిటివీ ఇంచుమించు ఒకటే. ఇక అంకెలు నా స్టేట్‌మెంట్లలోవి. ఏ యాప్ ఎంత ఇచ్చిందో పేర్లతో సహా బయటపెట్టొచ్చా లేదా అన్నది ఒప్పందంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ ఒప్పందాన్ని నేనూ మీలాగే వేలితో కిందకి తోసేసి ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కాను. అందుకని దేశాల వారీగా చెప్తాను.

మాది విజయనగరం. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పెళ్ళికి ముందు గాత్రం నేర్చుకున్నాను, కచేరీలు చేసే స్థాయి కాదు. మా అమ్మమ్మది పాలకొండ దగ్గర పల్లె. ఆవిడ పోవడానికి ఏడాది ముందు ఆవిడ పాడే లాలి పాటలు పదకొండు నా ఫోన్లో రికార్డు చేసుకున్నాను. వెనకాల ఫ్యాను కిర్రుకిర్రు, మధ్యలో కోడి. ఏడు పాటలు పూర్తిగా దొరికాయి, మిగతావాటిలో ఆవిడకే చరణాలు గుర్తు లేవు. ఆ ఏడూ, నేను రాసినవి రెండూ కలిపి 2022లో విశాఖ వెళ్ళి రెండు ఆదివారాలు స్టూడియోలో పాడాను. తోడుగా ఒక్క వీణే. వాయించినాయన తెచ్చుకున్నది బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో చేయించుకున్న ఏకాండి, అంటే ఒకే పనస మొద్దులోంచి తొలిచింది. ఆ నాదం కింద నా గొంతులో ఉన్న లోపాలు చాలా మటుకు కప్పబడిపోయాయి. స్టూడియో, వీణ, మిక్సింగ్ అంతా కలిపి 38,000 అయింది. మా ఆయన ఏమీ అనలేదు కానీ ఆ సంవత్సరం ఫ్రిజ్ మార్చడం మానేశాం.

పాటలు చేతికొచ్చాక ఏం చేయాలో తెలీదు. స్పాటిఫైకో యాపిల్ మ్యూజిక్‌కో మనం నేరుగా పాట పంపలేం, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉండాలి. ఏడాది చందా తీసుకుని వాటా ముట్టుకోనివాళ్ళు కొందరు. ఒక్కసారి ఫీజు తీసుకుని, ఆ పైన వచ్చినదాంట్లో కొంత కోసుకునేవాళ్ళు కొందరు. ఫ్రీ అని పిలిచి పెద్ద వాటా పట్టేవాళ్ళు ఇంకొందరు. నేను మొదటి రకం తీసుకున్నాను, ఏడాదికి 1,800 రూపాయలు. ‘రాయల్టీ నూటికి నూరు శాతం మీదే’ అని మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. ఎంత మొత్తం మీద నూరు శాతం అన్నది స్టేట్‌మెంట్ వచ్చాక తెలిసింది.

ముందు బాగున్న సంగతులు. పాట ఎక్కించడం మా స్కూలు వివరాల్ని యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించడం కంటే నయం. వావ్ (WAV) ఆడియో ఫైలు, 3000 పిక్సెళ్ళ చదరపు కవరు బొమ్మ, పాట పేరు, రాసింది ఎవరు, పాడింది ఎవరు. భాషల జాబితాలో తెలుగు ఉంది. ‘లాలి’ అనే విభాగం లేదు కాబట్టి ‘పిల్లల సంగీతం’ ఎంచుకున్నాను. రచయిత గడి దగ్గర మాత్రం ఒక సాయంత్రమంతా ఆలోచించాను. ‘మీ పేరే పెట్టుకోండి మేడమ్, ఎవరొచ్చి అడుగుతారు’ అన్నాడు స్టూడియో అబ్బాయి. ఎవరూ అడగరు, నిజమే. మా అమ్మమ్మకి వాళ్ళమ్మ చెప్పిన పాట కింద నా పేరు ఎలా రాసుకుంటాను? సంప్రదాయం అనే రాశాను. ఐదు రోజుల్లో తొమ్మిదీ అన్ని యాప్‌లలో వచ్చేశాయి.

ఒక యాప్‌లో మాత్రం నా పేరే ఉన్న ఇంకో గాయని పేజీలోకి వెళ్ళి కూర్చున్నాయి. ఆవిడవన్నీ వినాయక నిమజ్జనం డీజే పాటలు. వాటి నడుమ నా ‘అమ్మ ఒడి లాలి’. ఆవిడ అభిమానులు ఎంత కంగారు పడ్డారో! డిస్ట్రిబ్యూటర్‌కి రాస్తే నాలుగు రోజుల్లో విడదీశారు. ఆ నాలుగు స్టార్లు ఊరికే ఇవ్వలేదు.

పాటకి ఒక ఐఎస్ఆర్‌సీ కోడ్ ఇస్తారు. పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు, పాటకి ఆధార్ లాంటిది. మన దేశంలో వీటిని ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంస్థ ఇస్తుంది, అవి ‘ఐఎన్’ అని మొదలవుతాయి. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చినవి ‘క్యూజెడ్’ అని మొదలయ్యాయి. అది అమెరికాకి కేటాయించిన గుర్తు. పాలకొండ పాటకి అమెరికా ఆధార్ అన్నమాట. నవ్వుకుని ఆ తొమ్మిది కోడ్‌లూ లెసన్ ప్లాన్ పుస్తకం వెనక పేజీలో రాసిపెట్టుకున్నాను. అది నేను చేసిన ఏకైక తెలివైన పని అని తర్వాత తేలింది.

మొదటి ఏడాది స్టేట్‌మెంట్ ఇదీ. మొత్తం 18,400 స్ట్రీమ్‌లు, 15 డాలర్ల 81 సెంట్లు. అందులో మన దేశంలో విన్నవి 14,900, వాటికి వచ్చింది 4.47 డాలర్లు. అమెరికాలో విన్నవి 2,600, వాటికి 9.36. మిగతా 900 గల్ఫ్, సింగపూర్, ఆస్ట్రేలియా కలిపి, 1.98. అంటే నూటికి ఎనభై ఒక్క సార్లు పాట మోగింది ఇక్కడ, డబ్బులో ఇక్కడి వాటా నూటికి ఇరవై ఎనిమిది. ఇక్కడ ఒకరు వింటే రెండున్నర పైసలు, డాలస్‌లో ఒకరు వింటే ముప్పై పైసలు.

ముందు మోసమేమో అనుకున్నాను. కాదు. పంచే పద్ధతే అంత. ఊళ్ళో వినాయక చవితికి చందాలు వసూలు చేసి, తొమ్మిది రోజులూ ఎవరు ఎన్ని గంటలు పాడారో లెక్కేసి భజన బృందాలకి పంచారనుకోండి. అదే ఇది. ఏ దేశం హుండీ ఆ దేశానిది. ఆ నెల అక్కడ వచ్చిన చందాలూ ప్రకటనల డబ్బూ కలిపి, కంపెనీ తన వాటా తీసుకుని (తమకు వచ్చేదాంట్లో దాదాపు మూడింట రెండొంతులు పాటల హక్కుదారులకే ఇస్తున్నామని స్పాటిఫై చెప్తుంది), మిగిలింది మొత్తం స్ట్రీమ్‌లలో ఎవరివి ఎన్ని అన్న నిష్పత్తిలో పంచుతారు. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చినప్పుడు నెల చందా 119 రూపాయలు, అప్పుడు అమెరికాలో 9.99 డాలర్లు. పైగా మన దగ్గర ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వినేవాళ్ళే ఎక్కువ. మా స్టాఫ్ రూములో పదహారు మందిమి. చందా కట్టి పాటలు వినేది ఒక్క పీఈటీ సారే, అది కూడా వాళ్ళబ్బాయి ఫ్యామిలీ ప్లాన్‌లో. హుండీలో పడేది తక్కువ, పాడే బృందాలు వేలు, అందులో సినిమా పాటలు పొద్దున్నుంచి రాత్రి దాకా మోగుతూనే ఉంటాయి.

యాపిల్ మ్యూజిక్ 2021లో కళాకారులకి రాసిన ఉత్తరంలో సగటున స్ట్రీమ్‌కి ఒక సెంటు చొప్పున ఇస్తున్నాం అంది. అది చదివి 18,400 సెంట్లు అంటే 184 డాలర్లు అని లెక్కేసేసుకున్నాను. సగటు అంటే ఏమిటో ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని, నాకే ఆ పొరపాటు.

2024 నుంచి స్పాటిఫై ఇంకో గీత గీసింది. గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీమ్‌లు దాటని పాటకి రికార్డింగ్ రాయల్టీ ఉండదు. ఆ డబ్బు దాటిన పాటల హుండీలోకి వెళ్తుంది. అలాంటి పాటలకి నెలకి సగటున 3 సెంట్లే వస్తోందని, అది డిస్ట్రిబ్యూటర్ దగ్గరే ఆగిపోయి కళాకారుడికి చేరడమే లేదని వాళ్ళ వాదన. ఆ మాట తప్పని అనను. నేనే రెండేళ్ళు డబ్బు తీసుకోకుండా వదిలేశాను. కానీ వెయ్యికి ఒకటి తక్కువైతే సున్నా అనే లెక్క నా క్లాసులో అయితే పిల్లలు ఊరుకోరు. నా తొమ్మిదిలో నాలుగు ఆ గీత కిందే ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా అమ్మమ్మ ఇష్టపడ్డ ఐదో పాట కూడా అందులోదే. అది నెమ్మదిగా మొదలవుతుంది, జనం ముప్పై సెకన్లు ఆగరు. ముప్పై సెకన్లు దాటకపోతే స్ట్రీమ్‌గా లెక్కలోకే రాదు.

పదో ట్రాక్‌గా రేకుల మీద వాన చప్పుడు ఒకటిన్నర నిమిషం పెడదామని మా తమ్ముడు పట్టుపట్టాడు అప్పట్లో. వద్దన్నాను. ఇలాంటి చప్పుళ్ళ ట్రాకులు రెండు నిమిషాలైనా ఉండాలని, వాటికి పాట కంటే తక్కువ లెక్క కడతామని కూడా స్పాటిఫై వాళ్ళు అదే సమయంలో చెప్పారు. తమ్ముడికి ఆ వార్త పంపించాను. నవ్వు బొమ్మ కూడా పెట్టలేదు.

అసలు కథ 2024 డిసెంబరులో. డాష్‌బోర్డ్ చూస్తే నాలుగో పాట ఒక్కటీ ఎగబాకుతోంది. రోజుకి ఐదారు స్ట్రీమ్‌లు ఉండేది నూట యాభై దాటింది. మర్నాడూ అంతే. అమెరికా నుంచి. ఎవరో పెద్దవాళ్ళు షేర్ చేసి ఉంటారని మా ఇంట్లో అందరికీ చెప్పాను. ఇరవై రెండు రోజులు రాత్రి పడుకునే ముందు డాష్‌బోర్డ్ చూడటమే పని. తర్వాత ఒకరోజు మెయిల్ వచ్చింది. మీ పాటల మీద అసాధారణమైన వినికిడి కనిపించింది, ఆల్బమ్‌ని అన్ని యాప్‌ల నుంచి తొలగించాం, సంబంధిత మొత్తం నిలిపివేశాం. మొత్తం ఆల్బమ్! ఏ పాట మీద, ఏ యాప్‌లో, ఎన్ని, ఏమీ లేదు.

టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. దొంగతనం చేసినట్టు మెయిల్ రాస్తే, చేయలేదని ఎవరికి చెప్పుకోవాలి? సపోర్ట్ అని నొక్కితే చాట్‌బాట్. దానికి తెలుగు రాకపోయినా పర్వాలేదు, ఇంగ్లీషులో అడిగినా ఒకటే జవాబు: కృత్రిమ స్ట్రీమింగ్ అంటే ఏమిటో చెప్పే పేజీ లింకు. టికెట్ పెట్టాను. మూడు రోజులకి అదే లింకుతో జవాబు, కింద ఒక మనిషి పేరు. మనిషో కాదో.

సంక్రాంతికి టెక్సాస్ నుంచి మా పెద్దమ్మ మనవరాలు ఫోన్ చేసింది. నాకు వరసకి అక్క కూతురు.

‘పిన్నీ, నీ పాటలు తీసేశావేంటి? వీడు పడుకోవట్లేదు.’

‘ఎవరే?’

‘మా వాడు. అమ్మ ఆరు నెలలూ అయిపోయి వెళ్ళిపోయింది కదా, ఆ రోజు నుంచీ ఒకటే ఏడుపు. నీ నాలుగో పాట పెడితే ఆగాడు. అప్పట్నుంచి రాత్రంతా రిపీట్‌లో పెట్టేసి పడుకుంటున్నాం.’

‘రాత్రంతానా?’

‘ఆపితే లేచిపోతాడు పిన్నీ.’

నాలుగో పాట 3 నిమిషాల 12 సెకన్లు. ఎనిమిది గంటల్ని దాంతో భాగిస్తే సరిగ్గా 150. ఇరవై రెండు రాత్రులకి 3,300. కాగితం మీద వేసి చూసుకుంటే, అమెరికా రేటు ప్రకారం 11.88 డాలర్లు. నిలిపేసిన మొత్తం కూడా అంతే. కారణం ఇదేనని డిస్ట్రిబ్యూటర్ ఇప్పటికీ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. నాకు మాత్రం ఆ భాగాహారం చాలు.

మా టెక్సాస్ అమ్మాయి మీద కోపం రాలేదు. ఆ అంకెలే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నెలంతా ఇలాగే మోగితే 4,500 స్ట్రీమ్‌లు, 16 డాలర్ల 20 సెంట్లు. అప్పట్లో వాళ్ళు కట్టిన చందా నెలకి పన్నెండు డాలర్లు, అందులో హక్కుదారుల వాటా ఎనిమిది. ఎనిమిది ఇచ్చిన ఇంటి నుంచి నాకు పదహారు ఎలా వచ్చాయి? మిగతా ఎనిమిదీ ఎవరివి? చందా కట్టి నెలకి నాలుగు పాటలు కూడా వినని వాళ్ళవి. హుండీ పద్ధతిలో ఎక్కువసేపు మోగినవాడు, తక్కువ విన్నవాళ్ళ డబ్బు కూడా పట్టుకుపోతాడు. అందుకే వంద ఫోన్లు గోడకి తగిలించి రాత్రీ పగలూ పాట మోగించే ముఠాలకి ఇది గిట్టుబాటు వ్యాపారం. అందుకే నాలాంటి వాళ్ళ మీదా అనుమానం. 2024 నుంచి స్పాటిఫై, ఒక పాట మీద దొంగ స్ట్రీమ్‌లు మరీ ఎక్కువగా కనిపిస్తే పాటకింత అని డిస్ట్రిబ్యూటర్ దగ్గర వసూలు చేస్తోంది. జరిమానా తన నెత్తిన పడుతుందంటే ఏ డిస్ట్రిబ్యూటరూ విచారణ చేస్తూ కూర్చోడు, ముందు పాట దింపేస్తాడు. 1,800 చందా కట్టిన టీచరమ్మ కోసం ఒక మనిషిని కూర్చోబెట్టి ఆరా తీయించడం వాళ్ళకి గిట్టదు. అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన స్టార్ ఇవ్వను.

ఎవరి చందా వాళ్ళు విన్న వాళ్ళకే వెళ్ళే పద్ధతి ఒకటుంది. సౌండ్‌క్లౌడ్ 2021లో చిన్న కళాకారుల కోసం అలా మొదలుపెట్టింది. అలాగైతే మా అమ్మాయి ఇంటి నుంచి నాకు పదహారు కాదు, ఏడో ఎనిమిదో వస్తాయి. తక్కువే. కానీ అవి ఖచ్చితంగా ఆవిడ డబ్బులు, నా పాటకి ఇచ్చినవి. ఎవరూ దొంగ అనరు, ముఠాకీ లాభం లేదు. నెలకి ఒక్కసారి నా పాట పెట్టుకునే ముసలమ్మ ఉందనుకోండి, ఆవిడ ఇంకేమీ వినకపోతే ఆవిడ వాటా మొత్తం నాదే. నన్నడిగితే నాకు ఆ లెక్కే కావాలి.

పాటలు తిరిగి ఎక్కడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆరో టికెట్‌కి జవాబుగా, మళ్ళీ అప్‌లోడ్ చేసుకోవచ్చు అన్నారు. నిలిపిన డబ్బు గురించి మాట లేదు. ఇక్కడే లెసన్ ప్లాన్ పుస్తకం అక్కరకొచ్చింది. పాత ఐఎస్ఆర్‌సీ కోడ్‌లే ఇచ్చి, పేర్లూ నిడివీ అక్షరం తేడా లేకుండా ఎక్కిస్తే పాత స్ట్రీమ్‌ల లెక్క పాటకి తిరిగి అతుక్కుంటుంది. కొత్త కోడ్‌తో వెళ్తే సున్నా నుంచి మొదలు. కొత్తగా పాటలు పెట్టేవాళ్ళు ఇంకేం చేసినా చేయకపోయినా, ఆ కోడ్‌లు ఒకచోట రాసిపెట్టుకోండి.

ఇంకో గడి గురించి కూడా చెప్పాలి. అమెరికా పన్నుల ఫారం డబ్ల్యూ-8బెన్ నింపమంటారు. అందులో మన దేశపు పన్ను నంబరు గడిలో పాన్ రాసి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద అని ఎంచుకుంటే రాయల్టీ మీద 15 శాతం పట్టుకుంటారు. ఆ గడి ఖాళీగా వదిలితే 30. నేను వదిలేశాను. మొదటి ఏడాది అమెరికా భాగం మీద అలా అదనంగా పోయింది నూటపదిహేను రూపాయలే, కానీ నాకు లెక్కలు చెప్పే అర్హత ఉందా అని మా ఆయన ఇప్పటికీ అంటుంటారు.

డబ్బు బ్యాంకుకి వచ్చిన రోజు ఇంకో సరదా. విదేశీ సొమ్ము కదా, ఏ పనికి వచ్చిందో చెప్పమని బ్యాంకు నుంచి పిలిచారు.

‘యాభై రెండు డాలర్లు వచ్చాయి మేడమ్. దేనికండీ?’

‘లాలి పాటలకండి.’

కౌంటర్లో కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. ‘సాఫ్ట్‌వేర్ అని రాసేయమంటారా?’

రాయల్టీ అని రాయించాను. పక్కనే పెన్షన్ కోసం కూర్చున్న పెద్దాయన అయితే పాడమని అడిగారు. పాడలేదు, వెనక పెద్ద లైనుంది.

మూడేళ్ళకి కలిపి 78,900 స్ట్రీమ్‌లు, 76 డాలర్ల 66 సెంట్లు. పన్నులూ పంపించే ఖర్చులూ పోను చేతికొచ్చింది 5,900 చిల్లర. కట్టిన చందా 5,400. మధ్యలో కొన్ని యాప్‌ల పేర్లు స్టేట్‌మెంట్‌లోంచి మాయమైపోయాయి. రెస్సో 2024 జనవరితో మన దేశంలో మూతపడింది, వింక్ కూడా ఆ ఏడాదే దుకాణం కట్టేసింది. అందులో నాకు వచ్చేది రూపాయల్లో కూడా కాదులెండి, అయినా ఒక వరస తగ్గితే ఏదోలా ఉంటుంది.

యూట్యూబ్ గురించి అడుగుతారని తెలుసు, మన వాళ్ళు వినేదంతా అక్కడే. డిస్ట్రిబ్యూటర్ పంపిన పాటలు అక్కడ ‘టాపిక్’ అనే ఛానెల్లో వాటంతటవే వస్తాయి, ఆ డబ్బు స్టేట్‌మెంట్‌లోనే కలుస్తుంది. సొంత ఛానెల్‌కి ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు) ఉండాలి. నాకు 640 మంది. కాంటెంట్ ఐడీ అనే సేవ అదనపు డబ్బుకి ఇస్తామన్నారు, నా పాట ఎవరు వాడినా పట్టేస్తుందట. వద్దన్నాను. ఇవి ఊరందరి పాటలు. రేపు పార్వతీపురంలో ఇంకో ఆవిడ వాళ్ళ అమ్మమ్మ గొంతుతో అదే లాలి పెడితే, ఆవిడకి నా తరఫున నోటీసు వెళ్ళడం నాకిష్టం లేదు.

నేను రాసిన రెండు పాటలకి మాత్రం ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకీ సంగీతకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం) సభ్యత్వం తీసుకోమని వీణాయన చెప్పారు. పాడిన రికార్డింగుకి వచ్చేది వేరు, రాసినందుకూ స్వరపరిచినందుకూ వచ్చేది వేరు. రెండోదాన్ని డిస్ట్రిబ్యూటర్ తెచ్చిపెట్టడు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక రచయితలకీ సంగీతకర్తలకీ ఈ రాయల్టీ హక్కు గట్టిపడింది. దరఖాస్తు పెట్టాను. చూడాలి.

డబ్బు మాట వస్తే, నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది చివర్లో ఆలోచన లేకుండా చేసింది. పాటలు కనపడకుండా పోయిన ఆ ఇరవై ఆరు రోజుల్లో, మా టెక్సాస్ అమ్మాయి పోరు పడలేక, ఆల్బమ్‌ని బ్యాండ్‌క్యాంప్‌లో పెట్టాను. వినేవాళ్ళు పాటల్ని నేరుగా కొనుక్కునే సైట్ అది. కనీస ధర 3 డాలర్లు, ఆపైన ఎవరిష్టం. డిజిటల్ అమ్మకం మీద వాళ్ళు 15 శాతం తీసుకుంటారు, పేమెంట్ ఖర్చులు వేరే. కొన్ని శుక్రవారాలు ఆ 15 కూడా వదిలేస్తారు. కరోనా సమయంలో 2020 మార్చిలో మొదలైన పద్ధతి అది. అక్కడ కొన్నవాళ్ళు 34 మంది. మొత్తం 187 డాలర్లు, నా చేతికి 148. మూడేళ్ళ స్ట్రీమింగ్‌కి దాదాపు రెట్టింపు, ముప్పై నాలుగు మందితో.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఇది కుదరదు. నాకు డబ్బొచ్చేది పేపాల్ ద్వారా, పేపాలేమో 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో మనకి మనం పంపుకునే చెల్లింపులు ఆపేసింది. కాబట్టి ఇక్కడివాళ్ళకి యూపీఐ నంబరు ఇచ్చి, వంద రూపాయలు పంపితే పాటల ఫోల్డరు లింకు పంపుతానని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. 62 మంది పంపారు. వాళ్ళలో 41 మంది వంద పంపితే, 21 మంది నూటపదహార్లు పంపారు. అలా పంపమని ఎవరూ చెప్పలేదు. మొత్తం 6,536. మధ్యలో ఎవరి వాటా లేదు, పన్నెండు అక్షరాల కోడ్ లేదు. ఒకాయన నూటపదహారు పంపి, ‘పాటలు వద్దమ్మా, నా దగ్గర ఫోను చిన్నది, మీ అమ్మమ్మగారి పేరు చెప్పండి చాలు’ అని మెసేజ్ పెట్టారు. చెప్పాను.

అలాగని యాప్‌లు మానేయమని చెప్పను. ఆ 62 మందిలో సగం మంది నా పాట మొదట విన్నది యాప్‌లోనే. కొత్తగా ఆల్బమ్ చేసేవాళ్ళు ఈ సర్వీసు తీసుకోవచ్చా అంటే, తీసుకోండి, పాట ఎక్కించడానికి. చందా మీ ఖర్చుల కింద రాసుకోండి, ఆదాయం కింద కాదు. చందా ఆగితే పాటలు దిగిపోతాయని గుర్తుంచుకోండి. ఎప్పటికీ ఉంచాలంటే ఆల్బమ్‌కింత అని వేరే ఫీజు అడుగుతారు, అది నేనింకా కట్టలేదు. ఎవరైనా మీ పాట రాత్రంతా పెట్టుకుంటామంటే ఫైలు పంపించేయండి.

ఈ ఆగస్టులో నాలుగో ఏడాది చందా కట్టాను, నూటపదహార్లలోంచి. మా టెక్సాస్ అమ్మాయి బ్యాండ్‌క్యాంప్‌లో 25 డాలర్లు పెట్టి కొనుక్కుంది, వద్దంటే వినలేదు. పాత ఫోన్లో ఫైలు వేసి ఉయ్యాల పక్కన పెడుతోంది, రాత్రంతా మోగుతోంది. మొన్న ఫోన్ చేసి, ‘పిన్నీ, వీడికి నాలుగోది పాతబడిపోయింది, ఇప్పుడు ఐదోది కావాలంట’ అంది.